పాండా అన్న పేరు కనబడినప్పుడు అది ఏ జంతువో తేల్చుకోవడం ఎలా?

పాండా అన్న పేరును రెండు జంతువులు పంచుకొంటున్నాయి. మొదటిది చైనా పర్వతాల వెదురు అడవులలో బతికే నలుపు తెలుపుల జెయింట్ పాండా. ఎదిగిన జంతువు బరువు తరచుగా వంద కిలోలు దాటుతుంది. రెండవది నేపాల్ నుంచి భూటాన్, ఈశాన్య భారతం, ఉత్తర మయన్మార్ మీదుగా చైనా నైరుతి కొండల దాకా వ్యాపించి, ఎక్కువ కాలం చెట్ల మీదనే గడిపే ఎర్ర పాండా. ఇది ఇంటి పిల్లికంటె కొంచెం పెద్దదిగా, సాధారణంగా 3 నుంచి 6 కిలోల బరువుతో, చారలు తేలిన పొడవాటి తోకతో ఉంటుంది. వెదురు తినడంలో తప్ప ఈ రెంటికీ దగ్గరి చుట్టరికం లేదు. జెయింట్ పాండా ఎలుగుబంట్ల కుటుంబానికి చెందినది. ఎర్ర పాండా ఐలూరిడే అనే వేరే కుటుంబంలో నేటికి మిగిలిన ఏకైక ప్రజాతి (అంటే దగ్గరి జాతుల సమూహం); దాని దూరపు బంధువులు రకూన్లు, ముంగిసను పోలిన వీసెల్‌లు, స్కంకులు.

పేరు విషయంలో పొరబడితే వార్తే తారుమారవుతుంది. 2016లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమితి తన ఎర్ర జాబితాలో జెయింట్ పాండాను ‘అంతరించే ప్రమాదమున్న’ వర్గం నుంచి ఒక మెట్టు తగ్గించి ‘దుర్బల’ వర్గంలో చేర్చింది. అంతకు ఏడాది ముందే, 2015లో, అదే జాబితాలో ఎర్ర పాండా ‘దుర్బల’ వర్గం నుంచి ‘అంతరించే ప్రమాదమున్న’ వర్గానికి వెళ్లింది. అంటే ఒకదాని పరిస్థితి మెరుగుపడిన కాలంలోనే రెండవదాని పరిస్థితి దిగజారింది. ‘పాండాలు కోలుకుంటున్నాయి’ అని ఏ విశేషణమూ లేకుండా రాసిన వాక్యం సగం నిజం, సగం అబద్ధం. కాబట్టి పాండాల గురించి చదివేవారూ, రాసేవారూ, ముఖ్యంగా అనువదించేవారూ పేరు వెనుక ఉన్న జంతువును ముందుగా నిర్ధారించుకోవాలి. అందుకు ఉపయోగపడే పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను.

ముందు తేదీ చూడండి

చేతిలో ఉన్న రచన ఏ కాలానిదో తెలిస్తే సగం చిక్కు విడిపోతుంది. ఈస్టిండియా కంపెనీ సైన్యాధికారి థామస్ హార్డ్‌విక్ హిమాలయాలలో కనిపించిన ఒక ఎర్రటి జంతువు గురించి 1821లో లండన్ లిన్నియన్ సొసైటీ అనే ప్రకృతి శాస్త్ర సంఘానికి ఒక పత్రం సమర్పించాడు. దాని బిగ్గరైన అరుపును బట్టి స్థానికులు దానిని ‘వా’ అంటారని అందులో పేర్కొన్నాడు. అయితే ఆ పత్రం అచ్చయ్యేసరికి 1827 వచ్చింది. ఈలోగా 1825లోనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఫ్రెడెరిక్ క్యువియే అదే జంతువును వర్ణించి, ఐలూరస్ ఫుల్గెన్స్ అన్న శాస్త్రీయ నామమూ, పాండా అన్న వాడుక పేరూ పెట్టాడు. శాస్త్రంలో ముందుగా అచ్చయినదానికే పెద్దపీట గనుక హార్డ్‌విక్‌కు ఆ ఘనత దక్కలేదు. ప్రచురణలో అంత జాప్యం జరగకుంటే మనం నేడు ‘వా’ల గురించి మాట్లాడుకొంటూ ఉండేవాళ్లమేమో.

జెయింట్ పాండా ఐరోపా శాస్త్రలోకానికి తెలిసింది 1869లో. ఫ్రెంచి మిషనరీ ఆర్మాన్ దవీద్ ఆ ఏడాది సిచువాన్ ప్రాంతంలో దాని చర్మాన్ని చూసి, అది ఎలుగుబంటేనని గుర్తించి, ‘నలుపు తెలుపుల ఎలుగు’ అన్న అర్థం వచ్చేలా ఉర్సస్ మెలనోల్యూకస్ అని పేరు పెట్టాడు. ఆ మొదటి చూపులో తట్టినదే సరైనదని తేలడానికి నూరేళ్లకు పైగా పట్టింది. మధ్యలో కొందరు పండితులు దాని దంతాలను, పాదాల ఎముకలను చూసి అది ఎర్ర పాండాకు బంధువని వాదించారు. ఆ వాదం బలపడిన 1901 ప్రాంతంలోనే ఆంగ్లంలో దానికి పాండా అన్న పేరు అంటుకొంది. అంతవరకు అది ఆంగ్లంలో ‘రంగుల మచ్చల ఎలుగు’ అనే అర్థం గల పేర్లతోనే చెలామణి అయింది. 1985లో వెలువడిన అణుస్థాయి జీవశాస్త్ర పరిశోధనతో జెయింట్ పాండా ఎలుగుబంట్లలోనిదేనన్న అభిప్రాయం గట్టిపడింది. కానీ అప్పటికే పేరు లోకమంతా పాకిపోయింది, దాన్ని వెనక్కు తీసుకోవడం ఎవరి వల్లా కాలేదు.

దీనినుంచి ఏర్పడే నియమం తేలికైనది. 1869కి ముందు రాసిన ఏ ఐరోపా గ్రంథంలోనైనా పాండా అంటే ఎర్ర పాండాయే. 1869 తరవాత ముప్ఫై ఏళ్ల రచనలలో కూడా చాలావరకు అంతే. జెయింట్ పాండా కోసం వెతకవలసింది ఎలుగు అన్న మాట దగ్గర. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల రచనలలో విశేషణం లేని పాండా కనబడితే తొందరపడకుండా వర్ణనను చదవాలి: తోక, చారలు, చెట్టు ప్రస్తావన వస్తే ఒకటి; నలుపు తెలుపులు, భారీ దేహం ప్రస్తావన వస్తే మరొకటి. 1936 చివరలో రూత్ హార్క్‌నెస్ అనే అమెరికన్ మహిళ సూ లిన్ అనే జెయింట్ పాండా కూనను సజీవంగా అమెరికాకు తీసుకువెళ్లింది. ఆ సంచలనం తరవాత వ్యవహారంలో ఉత్త పాండా అంటే నలుపు తెలుపులదే అయిపోయి, అసలు పేరు గల జంతువుకు ముందు ఒక విశేషణం తగిలించవలసిన గతి పట్టింది.

శాస్త్రీయ నామం ఉంటే దానినే పట్టుకోండి

ఎర్ర పాండా ఐలూరస్ ఫుల్గెన్స్. గ్రీకులో ‘ఐలూరోస్’ అంటే పిల్లి, లాటిన్‌లో ‘ఫుల్గెన్స్’ అంటే మెరిసేది. జెయింట్ పాండా ఐలూరోపొడా మెలనోల్యూకా. 1870లో ఆల్ఫోన్స్ మిల్న్-ఎడ్వర్డ్స్ దానిని ఎలుగుల ప్రజాతి నుంచి వేరుచేసి, ఐలూరస్ పాదం వంటి పాదం గలదన్న ఉద్దేశంతో ఈ కొత్త ప్రజాతి పేరు పెట్టాడు. రెండు పేర్లూ ‘ఐలూరో’ అన్న ధ్వనితోనే మొదలవుతాయి గనుక కంటికి ఒకేలా కనబడతాయి. ‘పొడా’ అన్న తోక ఉన్న పేరు తోక పొట్టి జంతువుదని గుర్తుంచుకొంటే పొరబాటు జరగదు.

ఆ పాదం పోలిక గురించి ఒక మాట. రెండు జంతువులకూ మణికట్టు దగ్గరి ఒక చిన్న ఎముక పెరిగి ఆరవ వేలులా పనిచేస్తుంది. వెదురు కొమ్మను ఒడిసి పట్టుకోవడానికి అది బొటనవేలు వంటి సాధనం. బంధుత్వం లేకున్నా ఒకే తిండికి అలవాటుపడిన రెండు జీవులకు ఒకే రకమైన పనిముట్టు ఏర్పడింది. పాత పండితులను పక్కదారి పట్టించిన పోలికలలో ఇదొకటి. పేర్లలోని గందరగోళానికి ఎవరి అజాగ్రత్తో కారణమని తీర్మానించేముందు ఈ సంగతి గుర్తు చేసుకోవాలి.

శాస్త్రీయ నామాలలో ఇంకా రెండు మెలికలున్నాయి. ఎర్ర పాండాలను చిరకాలం ఒకే జాతిగా, రెండు ఉపజాతులుగా లెక్కించారు. 2020లో ప్రచురితమైన జన్యు అధ్యయనం వాటిని రెండు వేరు జాతులుగా, హిమాలయ ఎర్ర పాండాగా, చైనా ఎర్ర పాండాగా గుర్తించాలని ప్రతిపాదించింది. చైనా రకానికి ఐలూరస్ స్టైయానీ అన్న పేరు వాడతారు. దాని ముఖం మరింత ఎర్రగా, తోక చారలు మరింత స్పష్టంగా ఉంటాయి. కాబట్టి ‘చైనా పాండా’ అని విడిగా కనబడితే అది జెయింట్ పాండాయేనని అనుకోకండి. రెండవ మెలిక రంగుది. చైనాలోని చిన్‌లింగ్ పర్వతాలలోని జెయింట్ పాండాలను 2005లో ప్రత్యేక ఉపజాతిగా వర్ణించారు. వాటిలో అరుదుగా నలుపుకు బదులు గోధుమరంగు ఉన్నవి కనబడతాయి. ‘గోధుమరంగు పాండా’ అని చదివి ఎర్ర పాండా బొమ్మ పెట్టినవారున్నారు. అది తప్పు.

ఎలుగు, పిల్లి అన్న మాటలు కలిసి వచ్చినచోట

ఈ విషయంలో అన్నింటికంటె ప్రమాదకరమైన చోటు ఇదే. మాటకు మాట తెలుగు చేస్తే ‘ఎలుగుపిల్లి’ అని తేలే పేర్లు కనీసం మూడు జంతువులకున్నాయి. చైనీయులు జెయింట్ పాండాను ‘దా శ్యుంగ్‌మావ్’ అంటారు: ‘దా’ అంటే పెద్ద, ‘శ్యుంగ్’ అంటే ఎలుగు, ‘మావ్’ అంటే పిల్లి. నేపాలీలో ఎర్ర పాండాకు ఉన్న పేర్లలో ఒకటి ‘భాలు బిరాలో’. అదీ ఎలుగు, పిల్లి అన్న మాటల కూర్పే. ఆంగ్లంలో అదే అర్థంలో ‘బేర్‌క్యాట్’ అన్న మాట ఉంది గాని, అది ప్రధానంగా బింటురాంగ్ అనే మూడవ జంతువుకు వాడతారు. బింటురాంగ్ పునుగుపిల్లి కుటుంబంలోది. ఈశాన్య భారతంలోనూ ఆగ్నేయాసియాలోనూ చెట్ల మీద ఉంటుంది. కాబట్టి ‘ఎలుగుపిల్లి’ అని తెలుగులోకి దించే ముందు మూల భాష ఏదో చూడాలి. చైనీయమైతే జెయింట్ పాండా, నేపాలీ అయితే ఎర్ర పాండా, ఆంగ్లమైతే చాలావరకు బింటురాంగ్. చైనీయంలోనూ ముందు ‘శ్యావ్’, అంటే ‘చిన్న’, అని ఉంటే అది ఎర్ర పాండా. ఆ ఒక్క అక్షరమే అక్కడ ఆధారం.

మాటల వరసకు కూడా విలువ ఉంది. తెలుగులో గుర్రపుబండి అంటే బండి, బండిగుర్రం అంటే గుర్రం. సమాసంలో చివరిమాటే ప్రధానం. చైనీయంలోనూ అంతే. శ్యుంగ్‌మావ్ అంటే వ్యాకరణం ప్రకారం ఎలుగులాంటి పిల్లి. ఆ జంతువు నిజానికి ఎలుగు గనుక ‘మావ్‌శ్యుంగ్’, అంటే పిల్లిలాంటి ఎలుగు, అనడమే సబబని వాదించేవారున్నారు. తైవాన్‌లో ఆ వరస నేటికీ వాడుకలో ఉంది. ఒక ప్రదర్శనలో పెట్టిన పేరుపలకను జనం ఎదురు దిశలో చదవడం వల్ల మాట తిరగబడిందన్న కథ ఒకటి బాగా ప్రచారంలో ఉంది గాని, శ్యుంగ్‌మావ్ అన్న వరస అంతకుముందే అచ్చులో కనబడుతుంది కాబట్టి ఆ కథను చరిత్రగా రాయకపోవడం మంచిది. నా మటుకు నాకు ఈ వాదం అంత అవసరమనిపించదు. మన పునుగుపిల్లి పిల్లి కాదు, నీటిగుర్రం గుర్రమూ కాదు; అయినా వాటి పేర్లు మార్చాలని ఎవరూ పట్టుబట్టలేదు. పేరు చుట్టరికానికి సాక్ష్యం కాదని తెలిసి ఉంటే చాలు.

చైనీయంలో జెయింట్ పాండాకు ఇంకా పాత పేర్లున్నాయి: తెల్ల ఎలుగు, మచ్చల ఎలుగు, వెదురు ఎలుగు అన్న అర్థాలు గలవి. వియత్నామీయులు నేటికీ వెదురు ఎలుగు అన్న అర్థం వచ్చే పేరే వాడతారు. టిబెటన్‌లో దానిని ‘దోమ్ ఖ్రా’ అని రాస్తారు. అదీ మచ్చల ఎలుగే. జనం నోటి పేర్లలో ఎలుగు అన్న మాట ఇంత పదేపదే వస్తుంటే, పండితులు మాత్రం ఒక శతాబ్దం పాటు తర్జనభర్జన పడ్డారు. ఇక ప్రాచీన చైనా గ్రంథాలలోని ‘మో’, ‘పీశ్యూ’, ‘ఇనుము తినే మృగం’ వంటి పేర్లు జెయింట్ పాండావేనని చెప్పే వ్యాసాలు తరచుగా కనబడతాయి. ఇవి తరువాతి వారు చేసిన ఊహలు. ‘మో’ అన్న మాట నేటి చైనీయంలో టేపిర్ అనే పూర్తిగా వేరే జంతువుకు పేరు. అటువంటి చోట ‘కొందరు అలా భావిస్తారు’ అని రాయడమే నిజాయితీ.

హిమాలయ పేర్లను అనువదించకండి

ఎర్ర పాండాకు దాని సొంత కొండలలో ఉన్న పేర్లు లెక్కకు మిక్కిలి. నేపాల్‌లో ‘హాబ్రే’ అన్న పేరు విస్తృతంగా వినబడుతుంది. లెప్చాలు దానిని ‘సాక్ నామ్’ అంటారు. కాంచన్‌జంగా ప్రాంతపు లింబూలు ‘కాలా’ అంటారు. పొట్ట కింది నల్లని బొచ్చును బట్టి వచ్చిన పేరట. మనం పైనుంచి చూసి ఎర్ర అన్నాం, చెట్టు కింద నిలబడి తల ఎత్తి చూసేవాడికి కనబడేది నల్లని పొట్టే కదా. ఈ పేర్లకు అర్థం చెప్పి తెలుగు పేరు కల్పించడంకంటె, ఏ జాతి ప్రజలు ఏ ప్రాంతంలో వాడే పేరో చెప్పి, దానిని ఉన్నదున్నట్టు తెలుగు లిపిలో రాసి, పక్కన ఎర్ర పాండా అని ఇవ్వడం ఉచితం.

అసలు పాండా అన్న మాట కూడా ఈ కొండల నుంచే వచ్చిందని భావిస్తారు. పంజా లేదా పాదం అనే అర్థం గల నేపాలీ మాట దానికి మూలమని ఒక అభిప్రాయం. నేపాల్‌లో పనిచేసిన బ్రిటిష్ అధికారి, ప్రకృతి శాస్త్రవేత్త బ్రయన్ హాటన్ హాడ్జ్‌సన్ ఈ జంతువుకు ‘నిగాల్య పోన్య’ అన్న పేరు నమోదు చేశాడు. అందులోని మొదటి మాటకు సన్న వెదురుతో సంబంధం ఉందని అంటారు. దీనిని ఆధారం చేసుకొని పాండా అంటే ‘వెదురు తినేది’ అని ఖాయంగా చెప్పేయడం మాత్రం అలవాటుగా మారింది. వ్యుత్పత్తి చెప్పదలచుకొంటే ‘బహుశా’ అన్న మాట వదలకండి.

మన దేశానికి సంబంధించిన సందర్భాలలో సందేహానికి తావు తక్కువ. భారతదేశపు అడవులలో జెయింట్ పాండా లేదు. సిక్కిం రాష్ట్ర జంతువు అన్నా, పశ్చిమ బెంగాల్‌లోని సింగాలీలా అడవులలో వదిలిన పాండా అన్నా, అరుణాచల్ ప్రదేశ్ పాండా అన్నా అది ఎర్ర పాండాయే. దానిని బందిఖానాలో సంతానోత్పత్తి చేయించి అడవికి పంపే ప్రయత్నం చేసిన డార్జిలింగ్ జంతుప్రదర్శనశాలకు సరోజినీ నాయుడి కుమార్తె, పశ్చిమ బెంగాల్ గవర్నరుగా పనిచేసిన పద్మజా నాయుడి పేరు పెట్టారు. జెయింట్ పాండాకు స్వస్థలం సిచువాన్, షాన్‌షీ, గాన్సూ ప్రాంతాలు మాత్రమే. చైనా నాలుగవ జాతీయ గణనలో అడవులలో లెక్కకు వచ్చినవి 1,864.

తెలుగులో రాసేటప్పుడు

మొదటి ప్రస్తావనలోనే జెయింట్ పాండా అనో, ఎర్ర పాండా అనో పూర్తి పేరు రాసి, తరవాత ఉత్త పాండా అనడం సురక్షితం. జెయింట్‌కు బదులు ‘పెద్ద పాండా’ అంటే తెలుగు వినబడుతుంది గాని, వయసులో పెద్దదేమోనన్న అనుమానం వస్తుంది. ‘చిన్న పాండా’ మరీ చిక్కు: చైనీయ పేరుకు, ‘లెస్సర్ పాండా’ అన్న పాత ఆంగ్ల పేరుకు అది సరైన అనువాదమే అయినా, తెలుగు పాఠకుడికి పాండా పిల్ల అన్న అర్థమే ముందు స్ఫురిస్తుంది. అందుచేత రంగు పేరే మేలు. రెడ్ పాండా అన్నా తప్పులేదు. ఎర్ర పాండా అన్న మాట నోటికి బాగా పలుకుతుంది.

దీర్ఘం మరచిపోకండి. ‘పండా’ అని రాస్తే అది ఒడియా ఇంటిపేరు, లేదా తీర్థక్షేత్రాలలోని పురోహితుడు. ‘పాండాస్’ అని ప్రోగ్రామింగ్ సందర్భంలో కనబడితే అది దత్తాంశాలను విశ్లేషించే సాఫ్ట్‌వేర్; ఆ పేరు ‘ప్యానెల్ డేటా’ నుంచి పుట్టింది, జంతువుతో పని లేదు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజరుకు మాత్రం ఎర్ర పాండాతో నిజంగానే సంబంధం ఉంది. ‘నిప్పునక్క’ అన్న అర్థం గల ఆ మాట ఎర్ర పాండాకు మారుపేరు. 2004లో బ్రౌజరు ఆ పేరు తీసుకొంది, చిహ్నంలో బొమ్మ మాత్రం నక్కది. ‘చెత్త పాండా’ అన్న అర్థం వచ్చే అమెరికన్ వ్యావహారిక పదం చెత్తబుట్టలు వెతికే రకూన్‌ను ఉద్దేశించింది. చిలీలోని ‘పాండా చీమ’ పాండా కాదు సరికదా, చీమ కూడా కాదు. నలుపు తెలుపుల మచ్చలున్న రెక్కలు లేని ఆడ కందిరీగ.

చివరగా ఒక్కొక్క జంతువుకు పెట్టిన సొంత పేర్లు. జెయింట్ పాండాలకు ఒకే మాటను రెండుసార్లు పలికే ముద్దుపేర్లు పెట్టడం ఆనవాయితీ. 2008లో చైనా నుంచి తైవాన్‌కు పంపిన జంట పేర్లు థ్వాన్ థ్వాన్, య్వాన్ య్వాన్. రెంటిలోంచి ఒక్కొక్క మాట కలిపితే విడిపోయినవారు తిరిగి కలవడం అన్న అర్థం వస్తుంది. అందులోని రాజకీయం ఎవరికీ అర్థం కాకుండా పోలేదు. ఇటువంటి పేర్లను విడివిడిగా అర్థం చెప్పి వదిలేస్తే అసలు విషయం జారిపోతుంది కాబట్టి జంటను జంటగానే వివరించాలి. 1972లో వాషింగ్టన్ చేరిన లింగ్ లింగ్, శింగ్ శింగ్‌ల వంటి పాత పేర్లను నేటి పద్ధతికి భిన్నమైన రోమన్ వర్ణక్రమంలో రాసేవారు. రెండు పుస్తకాలలో రెండు వర్ణక్రమాలు కనబడితే రెండు పాండాలని అనుకోకుండా, జంతుప్రదర్శనశాల, సంవత్సరం పోల్చి చూడండి. తెలుగులో రాసేటప్పుడు ఆంగ్ల అక్షరాలను కాక చైనీయ ఉచ్చారణను అనుసరించండి.

ఈ నియమానికి నేను ఒక్క మినహాయింపు ఇస్తాను. 1958లో లండన్ జంతుప్రదర్శనశాలకు వచ్చి, 1961లో ప్రపంచ వన్యప్రాణి నిధి చిహ్నానికి ప్రేరణ అయిన ఆడ పాండా లోకానికి తెలిసిన పేరును విడదీసి ‘చీ చీ’ అని రాస్తే, వాక్యం మధ్యలో రచయిత ఎవరినో ఛీత్కరించినట్టుంటుంది. ‘చిచి అనే పాండా’ అని హ్రస్వంతో, కలిపి, పక్కన జంతువు పేరుతో రాయండి.